చదివితే చెరిగేది

కావ్‌షుంగ్ రేవు పక్క షెడ్డులో
భూతద్దం కింద
ఆవగింజలో సగముండే ఫెర్రైట్ ఉంగరాలు.
పలకకి నాలుగువేల తొంభయ్యారు.
ఒక్కోదాంట్లోంచి నాలుగు తీగలు:
అడ్డం, నిలువు, ఏటవాలు,
నాలుగోది దేనికో మేస్త్రీకీ తెలీదు.

షూలువాన్ ఊపిరి బిగబట్టి గుచ్చుతుంది.
తుమ్మొస్తే పూట కూలి పోయినట్టే.

"ఏముంటుంది బాబూ ఇందులో?"

తనిఖీకొచ్చిన కుర్ర ఇంజనీరు నవ్వాడు.
"ఒకటో, సున్నానో.
చదవగానే చెరిగిపోతుంది.
వెంటనే మళ్ళీ రాసుకోవాలి."

సూది ఆగింది.

పడవతో పాటు పోయినవాడి మొహం
తలుచుకున్నప్పుడల్లా చెరిగి,
తనూ మళ్ళీ దిద్దుకుంటున్నదేగా ఏడేళ్ళుగా!
ఈమధ్య మీసం కూడా పెడుతోంది,
అతనికెప్పుడూ లేని మీసం.