కంజెనర్

మిహలోవ్త్సె ఆసుపత్రి మూడో అంతస్తులో
బొజిదారా ఆ కాగితాన్ని బల్లమీద తిప్పి పెట్టింది,
అక్షరాలు ముసలాయన వైపు నిలబడేటట్టు.
వెండెలీన్ కళ్ళజోడు తుడుచుకుని
ఒక్క మాట దగ్గర వేలు ఆపాడు.
"కంజెనర్. ఇదేంటమ్మా, జబ్బా?"

జబ్బు కాదు, బంధుత్వం, అంది.
ఒకే వంశంలో పుట్టినవని అర్థం.
కాగితం అంచున పెన్సిలుతో గీసింది:
ఆరుమూలల గూళ్ళు రెండు, మధ్యలో ఒక గీత.
చుట్టూ పది కుర్చీలు.
క్లోరిన్ ఎన్ని కుర్చీల్లో, ఏ కుర్చీల్లో కూర్చుందో
దాన్నిబట్టి ఒక్కో బిడ్డ.
లెక్క తేలితే రెండొందల తొమ్మిది మంది.

అందరికీ ఇంటిపేరు ఒకటే, పీసీబీ.
ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత,
అచ్చం మన వరసే.
కాకపోతే అంతమందికి పేర్లు పెట్టే ఓపిక లేక
ఎవరో అంకెలు వేసి వదిలేశారు.

ఆయన నెత్తురులో నూట ముప్పై ఎనిమిది ఉంది.
నూట ఎనభై ఉంది.
నూట యాభై మూడు అందరికన్నా ఎక్కువ చోటు చేసుకుని ఉంది.

"మేం ఐదుగురం," అన్నాడు వెండెలీన్, అడక్కుండానే.
ఇర్మా ఆరేళ్ళకే గొంతువాపుతో.
గేజా ఓస్ట్రావా గనుల్లో.
కోర్నెల్ ఉత్తరాలు రాయడం మానేసి, తర్వాత బతకడం మానేసి.
సెర్వాత్స్ మొన్న చలికాలం.
"నేనొక్కణ్ణే మిగిలాననుకుంటున్నాను."

ఆయన పీపాలు నింపినవాడు.
తేనెరంగు నూనె, ట్రాన్స్‌ఫార్మర్లలో పోసేది.
నిప్పుకు లొంగదు, నీళ్ళలో కరగదు, ఏళ్ళు గడిచినా చెడదు,
అని ఫోర్‌మన్ కొత్తవాళ్ళకు చెప్పేవాడు,
పెళ్ళికొడుకు గుణాలు చెప్పినట్టు.
చెడదు అన్నది ఆ రోజుల్లో మెచ్చుకోలు.
ఇప్పుడు అదే మాట
నేరారోపణ పత్రంలో మొదటి వాక్యం.
మాట మారలేదు. చెప్పే గొంతు మారింది.

నాకు ఈ మాటకు తెలుగు కావాలి.
తోబుట్టువు అందామంటే నోరు రాదు.
తోబుట్టువు తన కంచంలోది తీసి పెడుతుంది.
దాయాది అయితే సరిపోతుందేమో:
పిలవకుండా వస్తాడు,
ఒంట్లో మెత్తని చోటు, కొవ్వు, చూసుకుని గట్టు జరుపుతాడు,
ఏ కోర్టూ ఖాళీ చేయించలేదు.

కానీ వెండెలీన్ చెబుతున్నది వేరే.
రాత్రి షిఫ్టు దిగాక
కాలవ గట్టున సెర్వాత్స్ గాలం వేసేవాడు.
కార్ప్ చేప, మోచేతి పొడవు.
పందికొవ్వులో వేయించి
తలకాయ దగ్గరి ముక్క ఎప్పుడూ తమ్ముడికే.
ఇప్పుడక్కడ బోర్డు పెట్టారు, చేపలు తినరాదని.
తుప్పు పట్టి సగం చదవలేం.

పర్సు తీశాడు.
క్రిస్మస్ చేప పొలుసు దాచుకుంటే
ఏడాదంతా డబ్బుకు లోటుండదని అక్కడి నమ్మకం.
పొలుసు గోరంత, అరిగి అద్దంలా అయింది.
డబ్బు మాత్రం బస్సు చార్జీకి ఉంది.
"సెర్వాత్స్ పెట్టింది వీటిల్లో ఏ నంబరు?"

బొజిదారా జవాబు వెతకలేదు.
యంత్రం ఎంత ఉందో చెబుతుంది,
ఎవరు పెట్టారో చెప్పదు.

ఆమె సొరుగులో ఆమె కాగితమూ ఉంది.
ఈ ఊళ్ళోనే పుట్టింది, ఈ నీళ్ళే.
కాన్పుకు ముందు ఒక అంకె.
పాలు మాన్పించాక ఇంకో అంకె, చిన్నది.
తోటి టెక్నీషియన్ చూసి, తగ్గిందే, మంచిదే, అన్నాడు.
ఎక్కడికి తగ్గిందో ఆమెకు తెలుసు.
దానికిప్పుడు నాలుగేళ్ళు,
ఎర్ర బూట్లంటే ఇష్టం.

వెండెలీన్ కాగితాన్ని మడిచాడు, మళ్ళీ మడిచాడు,
పొలుసు పక్కన పట్టేటంత.
తలుపు దగ్గర ఆగి అడిగాడు,
"రెండొందల తొమ్మిది అన్నావు కదూ?"
అవును.
"పెద్ద కుటుంబం," అని
టోపీ పెట్టుకున్నాడు.