బోరింగు సాక్ష్యం

సాక్ష్యం చెప్పుమన్నరు అయ్యగారు. నిలబడ్డ.
ఇటు ఆడోళ్ల దిక్కు చూడాలంటే
మెడ తిరగదు నాకు, మనిషినే తిరగాలె.
మీకు తెలుసు.
మొదటి ఆదివారం జాంబియాల, ఆ గడ్డికప్పు గుడిల
నేనట్ల నిండుగ తిరిగి దండం పెడితే
పిల్లలంత ఒక్కటే నవ్వుడు:
అంబూయ ఎంబేవె! అంబూయ ఎంబేవె!
అంబూయ అంటే తాత అని చెప్పిన్రు.
ముద్దుపేరనుకున్న. నేను సుత నవ్విన.

పానాల సంచి ఒక్కటే నా సామాను.
ముప్పై ఏండ్లు బోరింగులు విప్పి బిగించినోడు
ఒకడు కావాలన్నదట సంఘం.
ఫారంల వృత్తి కాడ ఏం రాయాలె అని
చండూరు మీసేవ పిల్లగాడు అడిగితే
బోరింగు జక్రయ్య అని రాయి బిడ్డా అన్న.
వాడు మెకానిక్ అని కొట్టిండు.

అక్కడ పొద్దుగాల మక్కగటక, మాపటికి మక్కగటక,
పల్లీలు దంచి వండిన ఆకుకూర.
మా అవ్వ ఉంటె, గింతదూరం పోయి
గిదేనా తిన్నవ్‌రా అనేది.
బోరింగు సుత గదే. పిడి గదే, గొలుసు గదే,
తలకాయ మీద తుప్పు గీకితే
ఇండియా అని అచ్చు.
నా కంటె ముందే వచ్చి నిలబడ్డ మావోడు.

మూడొద్దులు పట్టింది. పదకొండు పైపులు పీకినం.
లోపల తోలు వాషరు పీలికలు పీలికలు.
నేను వంగలేను గనక నేను చెప్పిన,
చిసోమో అనే పిల్లగాడు వంగిండు.
నాల్గోనాడు నీళ్లు ఎగిసినయ్.
ఆడోళ్లు బకిట్లు నెత్తిన పెట్టుకొని ఆడుడు, పాడుడు.
ఇందాక మీకు గోడ మీద చూపెట్టిన బొమ్మ గదే.
గంతవరకే బొమ్మ.

తెల్లారి చిసోమో చెల్లె నన్ను చూసి నవ్వింది.
పండ్ల మీద పసుపు గీతలు,
నడుమ ఇటుకరంగు మచ్చ.
నాకు ఎవలూ చెప్పుడు అవసరం లేదు.
గవి మా అన్న పండ్లు. గవి నా పండ్లు.
ఈ చాపల మీద కూసున్న సగం మంది పండ్లు.
ఊర్లకు నడిచిపోయిన.
ఒక గుడిసె ముందట ముసలాయన
పేరు పెట్టి పిలిస్తే
మెడ తిప్పలే,
మనిషంతా తిరిగి నన్ను చూసిండు.
అంబూయ ఎంబేవె.

ఫ్లోరైడు అనే మాట వాళ్ల మాటల లేదు.
సంఘంల పెద్ద, ఫెలిస్తా, ఎదురుంగ కూసున్నది.
నోరు తెరిచి చూపెట్టిన.
ఆమె చెయ్యి పట్టి నా మెడ మీద పెట్టుకున్న,
ఇగో, ఇక్కడ, ఎముక కాడ.
చానాసేపు చెయ్యి తియ్యలే ఆమె.
అప్పుడు అడిగింది:
వాగు నీళ్లు తాగి కలరాల నా ఇద్దరు పోయిన్రు,
ఇగ ఏ నీళ్లు తాగాలె చెప్పు?

అయ్యగారూ, అప్పుడు నాకు వాక్యం యాదికి రాలే.
మన గుడి ముందటి బోరింగు యాదికొచ్చింది.
సర్కారోళ్లు ఎర్రరంగు పూసిపోయినా
నల్లాల కిష్ణనీళ్లు వచ్చేదాక
ఆ ఎర్రదాన్నే కొట్టుకొని తాగలేదా మనం.

అక్కడ రంగు దొరకలే.
ఫెలిస్తా తన నడుముకు చుట్టుకున్న బట్ట అంచు చింపి
పిడికి కట్టింది.
తానానికి, బట్టలకు ఇది.
పిల్లలకు వాగునీళ్లు మరగబెట్టి.
కట్టెలు ఎవడు తెస్తడు అని వెనుక నుంచి ఒకామె
గట్టిగ అడిగింది.
నా సంచిల అన్ని నంబర్ల పానాలున్నయ్.
దానికి సరిపోయేది లేదు.

సీసాల నీళ్లు తెచ్చి నల్లగొండ ల్యాబుల ఇచ్చిన.
కాయితం ఇంకా రాలే.
నిన్న చిసోమో ఫోన్ల మాట పంపిండు.
అందుల నాకు తెలిసింది ఒక్కటే, మాద్జి, నీళ్లు.
మంచిగైనయనా, పిడికి బట్ట ఉన్నదనా, ఊడదీసిన్రనా,
తెల్వదు.
ఆరుసార్లు విన్న.

హల్లెలూయ అప్పుడే అనకున్రి.
కూసుంటున్న.
కొంచెం జరగున్రి,
కూసునుడు సుత నాకు చానాసేపటి పని.