ఫ్లాష్ వాడరాదు

డండీ నుంచి పదకొండు మందిమి, పదమూడు కెమెరాలు,
ఒక పెద్ద ఫ్లాస్కు నిండా టీ.
వాన కురవాలో వద్దో
తేల్చుకోలేని ఆదివారం.

గుమ్మంలోనే బూట్లకు నీలం తొడుగులు వేయించారు.
ట్రైపాడ్లని గొడుగుల పక్కన నిలబెట్టించారు,
తరగతి బయట నిలబెట్టిన పిల్లల్లా.
"ఫ్లాష్ వాడరాదు, తివాచీకి వెలుగు పడదు"
అంది మ్యూజియం అమ్మాయి,
పసిబిడ్డకి ఎండ పడదన్నట్టు.

జనపనార దొర కట్టుకున్న మేడ ఇది.
ఎక్కడో బెంగాలు బురదనీళ్ళలో నానిన నార
ఓడెక్కి ఈ ఊరొచ్చి
తిమింగలం నూనె తాగి మెత్తబడి
గోనెసంచై లోకమంతా తిరిగింది.
దొరగారి ఒంటికి మాత్రం
గోనె గరుకు ఎలా ఉంటుందో తెలియదు.

మేం ఎగబడ్డాం.
టోర్క్విల్ నేలమీద వెల్లకిలా పడుకుని
షాండ్లియర్‌ని గురిచూశాడు,
లేపడానికి ఇద్దరం కావలసొచ్చింది.
గ్రిజెల్ అద్దాల బీరువా ముందు పావుగంట తంటాలు పడింది,
ఎటు నుంచి తీసినా అందులో తనే.
నేను మహోగని మెట్ల వంపుని
కింద నుంచీ పై నుంచీ
నలభై ఏడుసార్లు.
ఈ నెల పోటీకి అంశం 'వైభవం' మరి.

ఎఫీ లామండ్ ఎక్కడా కనబడలేదు.
ఎనభై ఒకటి నిండాయి.
పదిహేనో ఏటే మిల్లులో చేరింది,
చెవుల్ని మగ్గాల హోరు తినేసింది.
కేకేస్తే లాభం లేదు. ఎదురుగా వెళ్ళి
పెదాలు చూపించాలి.

వంటింటి వెనక, పనివాళ్ళ మెట్ల దగ్గర దొరికింది.
కిటికీ లేదు. భుజాలు గోడల్ని రాసుకునేంత ఇరుకు.
ప్రతి మెట్టూ నడిమధ్య అరిగి
వాడేసిన సబ్బు బిళ్ళలా గుంటపడింది.
బొగ్గు పైకెక్కిన గుంట,
బూడిద కిందికి దిగిన గుంట,
వేన్నీళ్ళు తొణికిన గుంట.

తొడుగు తీసి, బూటు తీసి
మేజోడు పాదాన్ని ఆ గుంటలో పెట్టి నిలబడి ఉంది.
"మీవాళ్ళెవరైనా ఇక్కడ పనిచేశారా?"
పెదాలతో అడిగాను.
"లేదు, మావాళ్ళందరిదీ మిల్లే.
కాలు సరిపోతుందేమో చూస్తున్నా."

పాత ఫిల్మ్ కెమెరా. ఒక్క ఫొటోకే రీలు మిగిలింది.
చేతులతో సైగ చేసింది, మగ్గాల మధ్య నేర్చిన సైగ:
తలుపు తెరువు. ఇంకొంచెం. అక్కడే.
బరువైన తలుపు. నాలుగు నిమిషాలు పట్టుకున్నాను,
మోచేయి తిమ్మిరెక్కింది.
ఆ నాలుగు నిమిషాల్లోనే మేడ ముందువైపు
మబ్బు విడి, టే నది మీది ఎండ
బురుజు మీద పడిందట.
అందరి దగ్గరా ఉంది ఆ ఫొటో, నా దగ్గర తప్ప.

పోటీరోజు పెర్త్ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత
నా వంపుకి ఇరవైకి పదిహేడు వేశాడు.
ఎఫీది తెరమీదికి రాగానే
కళ్ళజోడు తుడుచుకున్నాడు.
అంతా నలుపు. అడుగున ఎక్కడో
బూడిదరంగు అంచు ఒకటి, ఇంకొకటి,
కాసేపు చూస్తే మూడోది.
తొమ్మిది మార్కులు.

అతని మీసం పెదాల్ని కప్పేసింది.
ఏమన్నాడని నన్నడిగింది ఎఫీ.
"వెలుగు చాలలేదన్నాడు."
"అవునుగా, అక్కడ ఎప్పుడు చాలింది?" అని,
ఫొటోని బిస్కట్ల డబ్బాలో పెట్టి మూతేసి
టీ ఏమైనా మిగిలిందా అంది.