పుర్రచేతి కొలత

టేపు తెచ్చుకుంది వెర్లీన్ సెడ్లాచెక్.
తుపాకి కొనడానికి వచ్చేవాళ్ళు
డబ్బు తెస్తారు, కోపం తెస్తారు, బావమరిదిని తెస్తారు.
బట్టలు కుట్టే టేపు తెచ్చిన మనిషిని
నెబ్రాస్కాలో, ప్లాట్ నది ఒడ్డున, ఈ కొట్టు తెరిచిన
ఇరవై ఆరేళ్ళలో నేను చూడలేదు.

"మా నడవా వెడల్పు ముప్పై నాలుగంగుళాలు" అంది.
"మా ఆయన బాతుల తుపాకి నాలుగడుగులు.
మొన్న రాత్రి ఏదో చప్పుడైతే
దాన్ని పట్టుకుని మలుపు తిరగబోయాను.
నాకంటే ముందు మొన వెళ్ళి
పెళ్ళి ఫొటో పగలగొట్టింది.
దొంగ వచ్చాడో లేదో గానీ
గాజు మాత్రం ఇంకా నా చెప్పుల్లోనే ఉంది."

అద్దాల బీరువా తెరిచి పొట్టిది తీశాను.
గొట్టం తగ్గలేదన్నాను, ఒళ్ళే ముడుచుకుందన్నాను.
యంత్రమంతా మీట దాటి వెనక్కి జరిగి
చెంప కింద సర్దుకుంది,
గుడ్డులో మెడ మడిచిన కొంగపిల్లలా.
మొత్తం కలిపి రెండున్నర అడుగులు.
ఒక నొక్కుకు ఒక తూటా,
మరుసటిది తనంతట తానే వచ్చి కూర్చుంటుంది.
ఇవన్నీ నాకు కంఠతా వచ్చు,
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఆమె దాన్ని భుజానికి ఆనించుకుంది.
ఎడమ భుజానికి.

నా పాఠం అక్కడ ఆగింది.
ఇది ఖాళీ తూటాని కుడి పక్కకి ఉమ్ముతుంది.
పుర్రచేతి వాటం వాళ్ళకి
ఆ వేడంతా సరాసరి చెంప మీదికే.
చెప్పాను. నొచ్చుకోలేదు.
"సిస్టర్ ఫిలొమీనా మూడేళ్ళు
మెటికల మీద స్కేలుతో కొట్టింది, కుడికి మారమని.
ఆవిడ వల్ల కానిది
నీ ఇనుము వల్ల అవుతుందా?"

కిందికి రాల్చే రకం ఒకటుంది, వెనక గదిలో.
ధర ఎక్కువ. తెచ్చి చేతికిచ్చాను.
మోచేతి నుంచి మొన దాకా టేపు పరిచి
రెండుసార్లు కొలిచింది.
తల ఊపింది. పర్సు తీసింది. మళ్ళీ మూసింది.

"గోడ దగ్గర ఆగుతుందా?"
"ఏ గోడ?"
"జిప్సం అట్ట. అటొకటి ఇటొకటి, మధ్యలో గాలి."

ఇలాంటి చోట అబద్ధం చాలా తేలిక.
"ఆగదు" అన్నాను.

రసీదు కాగితం తిరగేసి ఇల్లు గీసింది.
ఇది నడవా. ఇక్కడ నేను.
ఇటు టోబిన్, మా మనవడు, తొమ్మిదేళ్ళు,
గోడకి కాళ్ళు తన్నిపెట్టి పడుకుంటాడు.
అటు కిటికీ, దాని ఎదురుగా రోడ్డవతల ష్రామ్ ముసలాయన,
రెండింటి దాకా టీవీ ముందే.
నిలబడ్డ చోటు నుంచి గీత గీయడం,
గీత చివర ఎవరో తగలడం,
కొట్టేయడం.
గోడలకి చెవులుంటాయంటారు.
ఆ కాగితం మీద
గోడలకి నిద్రపోతున్న పిల్లలున్నారు.

చివరికి ఒక్క గీత మిగిలింది.
"ఫ్రిజ్ వైపు కాల్చొచ్చు.
దొంగ ఆకలితో వస్తే బాగుణ్ణు."
నేను నవ్వాను. తను నవ్వలేదు.

ఫారం నింపింది, ఎడమ చేత్తో.
రాస్తున్న చెయ్యే రాసినదాన్ని తుడుచుకుంటూ పోతుంది కదా,
ఇంటిపేరు పూసుకుపోయింది.
మళ్ళీ రాయించాను.

ఆదివారం నన్ను రమ్మంది,
తుపాకి కోసం కాదు, మంచం జరపడానికి.
ఇటుక పొగగొట్టం వెనక్కి
ఇద్దరం చెరో పక్కా పట్టి ఈడ్చాం.
ఇక్కడికెందుకని టోబిన్ అడిగాడు.
"వెచ్చగా ఉంటుందిరా" అంది.
డబ్బా ఇంకా విప్పలేదు, బీరువా మీద ఉంది.

ఆమె కాఫీ పెట్టేలోపు
ఖాళీ అయిన గోడ ముందు నిలబడ్డాను.
మడమల మరకలు రెండు.
బల్ల మీద ఉన్న టేపు తీసుకుని
నేల నుంచి వాటి ఎత్తు కొలిచాను.
ఎవరూ కొలవమనలేదు.
మూడడుగుల బెత్తెడు.