ఆరుకి మించిన అంకె

పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీ వెనక
గోడకీ పట్టాలకీ మధ్య మిగిలిన నేలలో
ఇరవై రెండేళ్ళు స్కోరు రాశాను.
అందులో పద్నాలుగేళ్ళు పెంచలయ్యవి.

మొదటిసారి వచ్చినప్పుడు కాళ్ళకి బూట్లు లేవు.
మ్యాచికి నూటయాభై, రెండు పరోటాలు అని బేరమాడి
వ్యాసర్పాడి జట్టువాళ్ళు తీసుకొచ్చారు.
సిమెంటు తిన్న వేళ్ళు.
బ్యాటుని పలుగు పట్టినట్టు పట్టాడు.
"గార్డు తీసుకోరా" అన్నాడు అంపైరు.
"ఎందుకన్నా, స్టంపులు యాడికీ పోవుగదా"
అచ్చం మా నెల్లూరు యాస.

మూడో బంతి
గోడ దాటింది, సిగ్నలు స్తంభం దాటింది.
అరక్కోణం లోకల్లో కిటికీల పక్కనున్న ఆడవాళ్ళు
తలలు తిప్పి చూశారు.
ఆరు అని రాశాను.
తరవాతి వాడు కొట్టింది తాడుకి జానెడు అవతల పడింది.
దానికీ ఆరే.
నా పుస్తకంలో అంతకు మించిన అంకె లేదు.

అసలు లెక్క రంగనాయకమ్మ దగ్గరుంది.
పట్టాలవతల రేకుల ఇల్లు ఆమెది.
ఎన్ని రేకులు పగిలాయో
తలుపు వెనక సుద్దతో గీతలు గీసుకునేది.
ఆదివారం రాత్రి అతనే నిచ్చెన మోసుకెళ్ళి
గెలిచిన డబ్బుతో కొన్న రేకు బిగించి దిగేవాడు.
"కాస్త అటుపక్కకి కొట్టకూడదూ?"
"అటు ఆసుపత్రుంది పిన్నమ్మా."

దాచను, అతని సున్నాలూ నేనే రాశాను.
నాలుగు మ్యాచిల్లో మూడింట
గాలిని బాది వచ్చేవాడు.
జనం తిట్టేవాళ్ళు, అరవంలో సగం, తెలుగులో సగం.
మళ్ళీ ఆదివారం టీ గ్లాసులతో
అదే గోడెక్కేవాళ్ళు.
ఒకటీ రెండూ తీసేవాడి కోసం
గోడెవరెక్కుతారు?

ఒకసారి పెద్ద క్లబ్బు నుంచి
తెల్లటోపీ ఆయన చూడ్డానికొచ్చాడు.
ఆ రోజు రెండే బంతులు.

భుజం జారింది మైదానంలో కాదు,
అన్నానగర్‌లో మూడో అంతస్తుకి ఇసుకతట్ట ఎత్తుతూ.
కట్టు కట్టుకుని ఇంకో ఏడాది ఆడాడు.
పదకొండు, సున్నా, నాలుగు, సున్నా, సున్నా, రెండు.
ఆ పేజీ మీద ఎవరో టీ ఒలికించారు.
నేనే అనుకోండి.

ఇప్పుడతను అంపైరు.
మొన్న, మీసం కూడా రాని కుర్రాడొకడు
బంతిని గోడ మీంచి పంపాడు.
పెంచలయ్య చేతులెత్తాడు.
ఎడమది నిటారుగా లేచింది.
కుడిది రొమ్ము దాకా వచ్చి
అక్కడే వణుకుతూ ఆగింది.

ఒక్క చెయ్యెత్తితే బై అని లెక్క.
"బై యా?" అన్నాడు పక్కనున్న ఎదుటి జట్టు స్కోరరు
పెన్ను క్యాపు తీస్తూ.
పెంచలయ్య నా వైపు చూశాడు.

పట్టాలవతల రేకు పగిలిన చప్పుడు.
వెంటనే ఓ ముసలి గొంతు
తిట్టడానికి ఊపిరి తీసుకుంది.

ఆరు రాశాను.
ఎప్పుడూ లేంది, పక్కన
ఒక చిన్న నిలువు గీత కూడా గీశాను.