మూడు నీళ్లు

పెట్టె అరచెయ్యంత ఉంటది.
లోపల చిన్న ఫ్యాను, ఒక సిమ్ము, సూదంత వెలుగు.
గాలిని గుంజుకోని దుమ్మును లెక్కబెట్టి
పది నిమిషాలకోపారి ఆఫీసుకు చెప్తది.
నిచ్చెనెక్కి బిగించుడు, సాలెగూడు కడితే
చీపురుపుల్లతోని తీసుడు నా కొలువు.
బల్లార్షా మొత్తానికి పదకొండు పెట్టెలు.

మొదటిదాన్ని నగర పరిషత్ తోటల పెట్టమన్నరు,
పొద్దూమాపూ పైపుతోని నీళ్లు కొట్టే తోట.
తెర మీద ఊరంత పచ్చగ వెలిగింది.
మోహుర్లే సారు దాని పక్కన నిలవడి ఫోటో దిగిండు.

లస్మక్క ఆ తెరను చూడలె.
రైల్వే సైడింగుకు ఆనుకోని ఆమె గల్లీ.
మంథని నుంచి పెండ్లై వచ్చినకాన్నుంచి
డ్రైవర్లు, గార్డులు పండుకునే గదుల దుప్పట్లు ఉతుకుతది.
తెల్ల దుప్పట్లు. రోజుకు నలభై.
వ్యాగన్లల్ల బొగ్గు నింపని నాడు
ఒక్క నీళ్లల్ల జాడిస్తె చాలు.
లోడింగు నాడు రెండు. గాలి ఇటు మర్లితె మూడు.
ఎన్ని నీళ్లయితె అన్ని గీతలు
వంటింటి బయటి గోడకు సుద్దతోని గీస్తది.
"నీళ్ల పైసలు కాంట్రాక్టరు ఇయ్యాలె గద బిడ్డా,
లెక్క లేకుంటె ఎవడు నమ్ముతడు?"

ఆ మాట కాడ నిచ్చెన మీదనే ఆగిన.

తొమ్మిదో పెట్టెను ఆమె గల్లీ స్తంభానికి మార్చిన.
తెల్లారి అంకె మూడొందల పన్నెండు.
"పెట్టె ఖరాబైంది, మార్చు" అన్నడు సారు.
మార్చిన.
కొత్తది మూడొందల ఇరువై అన్నది.

ఫోన్ల గోడ ఫోటో పట్టుకపోయిన.
రెండు గీతల నాడు నా అంకె రెండొందల చుట్టుపక్కల,
మూడు గీతల నాడు మూడొందలు.
అచ్చంగ అతకలె గని,
ఒక్క గుట్టను ఇద్దరు రెండు దిక్కుల నుంచి చూసినట్టు.
కరెంటు పోయిన పన్నెండు దినాలు
నా కంప్యూటర్ల గీత తెగింది.
గోడ మీద తెగలె.

మీటింగుల ఒకాయన సగటు తియ్యమన్నడు.
తోటదీ సైడింగుదీ అన్నీ కూడి
పదకొండుతోని భాగిస్తె ఊరు పసుపురంగుల నిలవడ్డది.
సగటు గాలి పీల్చే మనిషిని
ఈ ఊర్ల నేనింక చూడలె.
మనసుల అనుకున్న. నోరు లేవలె.

గని గోడ ఫోటో బల్ల మీద చేతులు మారింది.
వార్డు మెంబరు వందనా తాయి
"ఈ గీతలు ఎవరివి?" అని రెండుపార్లు అడిగింది.
నెలకు హుకుం వచ్చింది: పగటిపూట లోడింగు బందు,
రాత్రి పది దాటినంకనే.

అంకెలు దిగినయ్. సారు మళ్ల ఫోటో దిగిండు.
నేను సుత మిఠాయి తిన్న, అబద్ధమెందుకు.

వారమాగి పోతె
లస్మక్క గోడకు రెండో వరుస మొదలువెట్టింది.
రాత్రి తీగె మీద మరిచిన దుప్పటి తెచ్చి పరిచింది.
బొగ్గుసంచి ఇప్పి పరిచినట్టున్నది.
"పగలు నా దుప్పట్లు మంచిగనే ఉన్నయ్ బిడ్డా.
రాత్రి ఈ తీగెల కింద పిల్లలు పండుకుంటరు,
ఉక్కకు ఇంట్ల ఉండలేక.
వాళ్లను ఎన్ని నీళ్లల్ల జాడియ్యాలె?"

తెర పొద్దున తొమ్మిది నుంచి మాపు ఆరు దాకనే చూపెడ్తది,
ఆఫీసు టైము.
రాత్రి అంకెలు సర్వర్ల కుప్పపడి ఉన్నయ్.
ఎవ్వరు తెరువలె.
తాళంచెవి నా తాన్నే ఉన్నది, నేను సుత తెరువలె.

ఇయ్యాల అర్జీ రాస్తున్న,
తెర రాత్రి కూడ మేలుకోని ఉండాలెనని.
కారణం అన్న గడిల
యూనిట్లు రాసిన, కొట్టేసిన. పర్సంటేజీ రాసిన, కొట్టేసిన.
ఆఖరికి గోడ మీద నిన్నటి రాత్రి గీతలు లెక్కవెట్టి
"ఐదు నీళ్లు" అని రాసిన.
మోహుర్లే సారుకు తెలుగు రాదు.
దీన్ని మరాఠీల ఏమంటరో
వందనా తాయిని అడగాలె.