పిడి ఊడిన మగ్గు

మా బడి వంటింట్లో త్రాసుదే చివరి మాట.
చిన్న తరగతులకు తలా డెబ్భై గ్రాములు,
పెద్ద తరగతులకు తొంభై,
అదీ ఎండు పాస్తా, నీళ్లు తగలకముందు.
గోడమీద కాగితానికి మున్సిపాలిటీ ముద్ర,
కింద నా సంతకం.

సెప్టెంబరులో ఒత్తావియో వచ్చాడు.
ఫానో రేవు నుంచి వెళ్లే చేపల పడవమీద
ఇరవై ఆరేళ్లు వంట చేసి,
మోకాలు మొరాయించాక మా దగ్గరికి.
కోటు జేబులో పిడి ఊడిన రేకు మగ్గు.
త్రాసును ఎగాదిగా చూసి
"దీనిమీద అంకె నిలుస్తుందా?" అన్నాడు.

సముద్రంమీద నిలవదట.
అల ఎత్తితే కిలో కాస్తా కిలోన్నర,
అల జారితే ముప్పావు.
"అందుకే మనిషికో మగ్గు, అంచుకు తలకొట్టి.
రాత్రంతా వల లాగినవాడికి మాత్రం
గోపురం కట్టి."

ఆ మధ్యాహ్నం గిన్నెలు కడిగాక
ఇద్దరం కూర్చుని మగ్గుకు పరీక్ష పెట్టాం.
పెన్నె పోస్తే నూట పది గ్రాములు.
సూపులో వేసే దితాలిని పోస్తే నూట డెబ్భై.
అదే మగ్గు, అదే అంచు.
"పెన్నెలో గాలెక్కువ," అన్నాడు,
"ఒక్కో గొట్టం ఇంత ఖాళీని మోసుకొస్తుంది.
ఖాళీకి కూడా చోటు కావాలి కదమ్మా."
తర్వాత వేళ్లమీద ఏదో లెక్క కట్టి,
"అయితే సూపు రోజుల్లో మావాళ్లకి
ఇన్నేళ్లూ ఎక్కువే పెట్టానన్నమాట,"
అని లోలోపల మురిసిపోయాడు.

నవంబరులో ఇన్‌స్పెక్టరొచ్చాడు.
వడ్డించిన పళ్లెం పిల్లాడి ముందునుంచి లాక్కుని
త్రాసుమీద బోర్లించినంత పనిచేసి
నూట యాభై రెండు అని రాసుకున్నాడు.
రెండింతలు! ప్రజల సొమ్ము!
నేను నోరు తెరిచేలోపే
ఒత్తావియో గంటె కింద పెట్టి,
"అయ్యా, డెబ్భై గ్రాములు పాస్తా.
మిగతాది మీ ఇంటిపేరు."
అందరం ఊపిరి బిగబట్టాం.
ఆయన ఇంటిపేరు బెవిలాక్వా,
నీళ్లు తాగు అని అర్థం.
ఆయన నవ్వలేదు గానీ
కొట్టేసి మళ్లీ రాశాడు.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

రెండో తరగతిలో ఫియమ్మెత్తా అని ఒక పిల్ల.
దానికి తూకంతో పనిలేదు, కొలతతోనూ లేదు.
ఫోర్కు మొనకు ఒక్కో గొట్టమే గుచ్చి
పెదాలు కదుపుతూ లెక్కపెట్టి తింటుంది.
ఒక శుక్రవారం పళ్లెం పట్టుకుని
వడ్డన కిటికీ దగ్గరికే వచ్చేసింది.
"పెన్నె రోజు ఎప్పుడూ నలభై మూడు.
ఇవాళ నలభై ఏడు. ఎందుకు?"

త్రాసు వైపు చూశాను.
ఎర్ర అంకెల్లో సున్నా, ఏమీ ఎరగనట్టు.
ఒత్తావియో మాకు వీపు పెట్టి
తోమిన గిన్నెనే తోముతున్నాడు.
ముందు రాత్రంతా గాలివాన.
వాళ్ల నాన్న ఉన్న పడవ
బాగా పొద్దెక్కాకే రేవు చేరిందని
మా వీధిలో రొట్టెల కొట్టువాడు కూడా చెప్పాడు.

నా రిజిస్టరులో నాలుగు గొట్టాలకు గడి లేదు.
"ఇవాళవి చిన్నవై ఉంటాయిలే," అన్నాను.
నా మొహంకేసి చూసింది. నమ్మలేదు.
తన చోటికి వెళ్లి
ఆ నాలుగింటినీ పళ్లెం అంచున వరసగా పేర్చి,
ఫోర్కు పక్కన పెట్టి,
చేత్తో
ఒకటొకటే తింది.